కొత్త పికప్ మీ గిటార్‌లో కూర్చుంటుందా?

పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఎలక్ట్రిక్ గిటార్‌కి పికప్ మార్చుకోవడం గురించి ఈసారి చాలా ప్రశ్నలు వచ్చాయి. పికప్ అంటే తీగల కదలికని కరెంటు సంకేతంగా మార్చే అయస్కాంతం, కాయిల్ ఉన్న భాగం. ఒక కాయిల్ ఉంటే సింగిల్ కాయిల్, కరెంటు గుర్రు (హమ్) తగ్గేలా రెండు కాయిళ్లుంటే హంబకర్. గిటార్ శరీరం మీద తీగలు ఆనే చోటు బ్రిడ్జ్, మెడ వైపుది నెక్. ఎక్కువమంది పేరు చూసి, ధర చూసి, వీడియోలో విన్న శబ్దం నచ్చి ఆర్డర్ పెట్టేస్తున్నారు. కొలతల సంగతి పార్సిల్ విప్పాక గుర్తొస్తోంది. అప్పటికే పాత పికప్ వైర్లు కత్తిరించేసి ఉంటారు, కొత్తదానికి సోల్డర్ తగిలి ఉంటుంది. సోల్డర్ తగిలిన సరుకుని వెనక్కి తీసుకునే దుకాణాలు తక్కువ. కాబట్టి డబ్బు కట్టకముందే ఒక అరగంట గిటార్ ముందు కూర్చోండి. మి.మీ. గీతలున్న స్టీలు స్కేలు, వీలుంటే వెర్నియర్ కాలిపర్, మాస్కింగ్ టేపు, బాగా చెక్కిన పెన్సిలు, మల్టీమీటరు దగ్గరుంటే చాలు.

ప్రశ్న: నాది స్ట్రాట్ (ఫెండర్ స్ట్రాటోకాస్టర్) ఆకారం గిటార్. బ్రిడ్జ్ దగ్గర హంబకర్ ఉంది, మిగతా రెండూ సింగిల్ కాయిళ్లు. హంబకర్ మారుద్దామని వెతికితే ఒకే మోడల్‌కి 50 మి.మీ., 53 మి.మీ. అని రెండు రకాలు కనిపిస్తున్నాయి. ఏది తీసుకోవాలి? పొరపాటున రెండోది తీసుకుంటే ఏమవుతుంది? (వరంగల్ నుంచి)

జవాబు: ఆ అంకెలు పికప్ పొడవు కాదు. ఆరో తీగ, అంటే లావు తీగ కిందున్న పోల్ పీస్ (ఒక్కో తీగ కిందా ఉండే స్క్రూ లేదా అయస్కాంత కడ్డీ) మధ్య నుంచి ఒకటో తీగ కిందున్న పోల్ పీస్ మధ్య దాకా ఉన్న దూరం అది. బయటి కొలతల్లో రెండు రకాలూ ఇంచుమించు ఒకటే, 70 మి.మీ. పొడవు, 38 మి.మీ. వెడల్పు. రెండూ మీ గూట్లోకి, అంటే చెక్కలో పికప్ కూర్చునే గుంటలోకి, దిగుతాయి. పోల్ పీసులు తీగల కిందికి వస్తాయా, పక్కకి జరిగిపోతాయా అన్నదే తేడా.

హంబకర్ పుట్టింది గిబ్సన్ కంపెనీలో. అక్కడి ఇంజనీరు సెత్ లవర్ 1955లో దానికి పేటెంటు అడిగాడు, 1957 నుంచి లెస్ పాల్ గిటార్లలో అది రావడం మొదలైంది. గిబ్సన్ బ్రిడ్జ్ మీద తీగలు కాస్త దగ్గరగా ఉంటాయి కాబట్టి పోల్ పీసుల దూరం 49, 50 మి.మీ. దగ్గర ఆగింది. ఫెండర్ ట్రెమోలో (లివరుతో కదిలే బ్రిడ్జ్) మీదా, అలాంటిదే అయిన ఫ్లాయిడ్ రోజ్ మీదా తీగలు ఇంకా ఎడంగా పోతాయి. స్ట్రాట్ ఆకారం గిటార్లలో హంబకర్లు పెట్టుకునే అలవాటు పెరిగాక వెడల్పు రకం అవసరమైంది. దాన్ని డిమార్జియో కంపెనీ ‘ఎఫ్ స్పేస్డ్’ అంటుంది, సీమోర్ డంకన్ కంపెనీ ‘ట్రెంబకర్’ అంటుంది. పని ఒకటే అయినా అంకెలు ఒకటి కావు. మొదటిది సుమారు 51, రెండోది సుమారు 52.6 మి.మీ. అందుకే దుకాణంలో పేరు చెప్పి వదిలేయకుండా మి.మీ. ఎంతో అడగండి.

ఇక కొలవడం. తీగలు విప్పకండి, శ్రుతిలోనే ఉండనివ్వండి. పాత హంబకర్ మీద, స్క్రూలు కనిపించే వరుస మీదుగా మాస్కింగ్ టేపు అంటించండి. ఒక కన్ను మూసుకుని తీగకి సరిగ్గా పైనుంచి చూస్తూ, ఆరో తీగకి అటూ ఇటూ టేపు మీద రెండు సన్న గీతలు పెట్టండి. ఒకటో తీగకీ అలాగే. తీగకీ టేపుకీ మధ్య ఎడం ఉంటుంది కాబట్టి తల కాస్త వాలినా గీత ఒక మిల్లీమీటరు పక్కకి పడుతుంది. ఒకసారి గీసి ఊరుకోకుండా మూడుసార్లు కొత్త టేపు మీద గీయండి, మూడూ కలిస్తేనే నమ్మండి. టేపు ఊడదీసి గాజు మీద అంటించి, ఒక్కో జంట గీతల నడుమ నుంచి కొలవండి. చాలామంది తీగల బయటి అంచుల నుంచి కొలిచేస్తారు. 10-46 తీగల సెట్టులో లావు తీగ మందం 1.17 మి.మీ., సన్న తీగది 0.25 మి.మీ. బయటి అంచుల లెక్కన కొలిస్తే 0.7 మి.మీ. ఎక్కువ వస్తుంది.

పాత పికప్ లేకుండా గిటార్ చేతికొస్తే లెక్క వేసుకోవచ్చు. తీగలు నట్ (మెడ పైచివర తీగలు ఆనే పట్టీ) దగ్గర ఇరుకుగా మొదలై బ్రిడ్జ్ వైపు విచ్చుకుంటాయి. స్కేల్ పొడవు (నట్ నుంచి, బ్రిడ్జ్ మీద తీగ ఆనే శాడిల్ దాకా) 648 మి.మీ., నట్ దగ్గర దూరం 35 మి.మీ., బ్రిడ్జ్ మీద 52.5 మి.మీ. అనుకుందాం. పొడవంతా కలిపి 17.5 మి.మీ. విచ్చుకుంది. బ్రిడ్జ్ హంబకర్ పోల్ వరుస శాడిల్‌కి 40 మి.మీ. దూరంలో ఉంటే, 17.5ని 40తో హెచ్చించి 648తో భాగిస్తే 1.1 వస్తుంది. 52.5 నుంచి అది తీసేస్తే 51.4. అంటే 51 నుంచి 53 వరకు ఏ పికప్పైనా బాగుంటుంది. అదే గిటార్‌లో నెక్ పికప్ శాడిల్‌కి 160 మి.మీ. దూరంలో ఉంటే 4.3 తగ్గి 48.2 అవుతుంది. అక్కడ 49, 50 రకమే సరైనది. ఒకే గిటార్‌కి రెండు వేర్వేరు దూరాల పికప్పులు అమ్మేది ఇందుకే.

పాతకాలపు స్ట్రాట్ కొలతల ప్రకారం చేసిన ఆరు స్క్రూల ట్రెమోలో అయితే శాడిళ్ల మీద దూరం 56 మి.మీ. దాకా ఉంటుంది. అప్పుడు బ్రిడ్జ్ పికప్ దగ్గర 54.7 వస్తుంది. అక్కడ 53 రకం పెడితే ఒక్కో పక్క 0.85 మి.మీ. మాత్రమే తేడా. 49.2 రకం పెడితే ఒక్కో పక్క 2.75 మి.మీ. తీగ పోల్ పీస్ తల దాటి బయటికి వచ్చేస్తుంది.

ఆ తేడా చెవికి తెలుస్తుందా? అయస్కాంత క్షేత్రం పోల్ పీస్ మొన మీద ఆగిపోదు, చుట్టూ పరుచుకుని ఉంటుంది. ఒక్కో పక్క 1 మి.మీ. లోపు తేడాని మేమైతే లెక్కలోకి తీసుకోం. 2 మి.మీ. దాటితే ఒకటో తీగ మిగతావాటి కంటే కొంచెం నీరసంగా పలకవచ్చు. దాన్ని బెండ్ చేసినప్పుడు (పక్కకి లాగినప్పుడు) రెండో తీగ పోల్ వైపు జరుగుతుంది కాబట్టి బలం మారినట్టు అనిపిస్తుంది. గిటార్‌కి నష్టమేమీ లేదు. ఇప్పటికే తప్పు రకం కొనేసి ఉంటే పారేయకండి, బిగించి విని చూడండి. ఇంకా కొనకపోతే మాత్రం మీ గిటార్‌కి 53 తీసుకోండి.

ప్రశ్న: హంబకర్ తీసేసి ఆ చోట పి-90 పెట్టుకోవచ్చా? (తిరుపతి నుంచి)

జవాబు: పి-90 అంటే గిబ్సన్ వారి వెడల్పాటి సింగిల్ కాయిల్ పికప్. మామూలు పి-90 పట్టదు. సబ్బు బిళ్ల ఆకారంలో ఉండే సోప్‌బార్ రకం సుమారు 85 మి.మీ. పొడవుంటుంది, మీ గూడు 70 చిల్లర. చెక్క చెక్కాలి, చెక్కాక మళ్లీ హంబకర్ పెట్టుకోవాలంటే అందం పోతుంది. హంబకర్ కొలతల్లోనే తయారయ్యే పి-90లు చాలా కంపెనీలు చేస్తున్నాయి, అవి అదే రింగులోకి (పికప్ చుట్టూ బిగించే చట్రంలోకి) దిగుతాయి. లోపలి కాయిల్ ఆకారం కొంచెం మారుతుంది కాబట్టి శబ్దం అచ్చం పాత పి-90లా ఉండకపోవచ్చు, దగ్గరగా ఉంటుంది. పి-90 సింగిల్ కాయిలే కాబట్టి హంబకర్‌లో లేని హమ్ వినిపిస్తుంది, దానికి సిద్ధపడండి.

ప్రశ్న: లెస్ పాల్ తరహా గిటార్‌కి హంబకర్ తెప్పించాను. పొడవు, వెడల్పు సరిపోయాయి. కానీ కిందికి దించితే ఒక చోట ఆగిపోతోంది, తీగలు దాదాపు పికప్‌కి తగులుతున్నాయి. పైగా పాత స్క్రూలు కొత్త పికప్‌కి ఎక్కడం లేదు. (రాజమహేంద్రవరం నుంచి)

జవాబు: మీకు వచ్చినవి రెండు వేర్వేరు ఇబ్బందులు. పొడవు వెడల్పులు చూసి లోతు చూడకపోవడం అందరూ చేసే పొరపాటే.

ముందు లోతు. హంబకర్ అడుగున లోహపు ప్లేటు ఉంటుంది, దాని రెండు చివర్ల నుంచి కిందికి వంగిన కాళ్లుంటాయి. రింగులోంచి వచ్చే స్క్రూ ఆ కాళ్ల రంధ్రాల్లోకి దిగుతుంది. కాళ్లు రెండు రకాలు. పొట్టివి సుమారు 6, 7 మి.మీ., పొడుగువి సుమారు 13 మి.మీ. గిబ్సన్ పద్ధతిలో చెక్కిన గూటిలో కాళ్ల కోసం రెండు చివర్లా ఇంకా లోతైన గుంటలుంటాయి. చవక గిటార్లలో చాలాసార్లు ఆ గుంటలు చాలినంత లోతు ఉండవు. పొడుగు కాళ్ల పికప్ అక్కడ నేలకి ఆని ఆగిపోతుంది.

కాళ్లు కాకపోతే అడ్డుపడేవి పోల్ స్క్రూల మొనలు. సర్దుకునే ఆరు స్క్రూలూ ప్లేటు దాటి కిందికి కొన్ని మిల్లీమీటర్లు పొడుచుకు వస్తాయి. ఏది తగులుతోందో తెలుసుకోవడానికి గూటి అడుగున, కాళ్ల గుంటల్లో కొంచెం మెత్తటి ఆడుకునే మట్టి, ప్లే డో లాంటిది, ప్లాస్టిక్ కాగితంలో చుట్టి పెట్టండి. పికప్‌ని మెల్లగా దించి తీయండి. ఎక్కడ గుర్తు పడిందో అక్కడే తగులుతోంది. వైరు గూటి అడుగున మడతపడి పికప్‌ని పైకి నెడుతుండటం కూడా మామూలే. ముందు దాన్ని పక్కకి సర్ది చూడండి, చాలాసార్లు అంతటితో తీరిపోతుంది.

కాళ్లే తగులుతుంటే పొట్టి కాళ్ల రకానికి మార్చుకోవడం సులువు. గుంటని డ్రిల్లుతో లోతు చేయవచ్చు, కానీ శరీరం మందం కొలవకుండా చేయకండి. వెనకవైపు ఎంత చెక్క మిగిలిందో తెలియకుండా డ్రిల్లు దింపితే గిటార్ వెనక నుంచి బయటికొస్తుంది. డ్రిల్లు బిట్‌కి కావలసిన లోతు దగ్గర టేపు చుట్టి, అంతకు మించి దించకండి. పోల్ స్క్రూల మొనలు తగులుతుంటే ఒక్కో స్క్రూని బయటికి తీసి, ఎక్కువైన మేర కటింగ్ ప్లేయర్‌తో తుంచి, ఆకురాయితో మొన నున్న చేసి మళ్లీ బిగించండి. ఆకురాయి పని పికప్‌కి దూరంగా, వేరే బల్ల మీద చేయండి. ఇనప రజను ఒక్కసారి అయస్కాంతానికి పట్టిందంటే వదలదు. కాయిల్ వైరు వెంట్రుక కంటే సన్నం, రజను దాన్ని గీరితే పికప్ పోయినట్టే.

కొనే ముందైతే ఈ లెక్క చూసుకోవాలి. చివరి ఫ్రెట్ నొక్కి పట్టుకుని, తీగ అడుగు నుంచి గూటి అడుగుకి ఎంతుందో కొలవండి. అందులోంచి తీగకీ పికప్‌కీ మధ్య ఉండాల్సిన ఎడం తీసేయండి. గిబ్సన్ చెప్పే ఎడం నెక్ దగ్గర 2.4 మి.మీ., బ్రిడ్జ్ దగ్గర 1.6 మి.మీ. వైరు పడుకోవడానికి ఇంకో 3 మి.మీ. వదలండి. మిగిలిందే మీ కొత్త పికప్ పై ముఖం నుంచి పోల్ స్క్రూ మొన దాకా ఉండదగిన ఎత్తు. కాళ్లకి గుంట లోతుతో విడిగా అదే లెక్క.

ఇప్పుడు స్క్రూలు. అమెరికన్ హంబకర్ల కాళ్లకి 3-48 మర ఉంటుంది, అంటే 2.5 మి.మీ. మందం స్క్రూ, అంగుళానికి 48 చుట్లు. ఆసియాలో తయారైన చాలా గిటార్లకి ఎం3 స్క్రూలుంటాయి, అవి 3 మి.మీ. లావు. ఎం3 స్క్రూ 3-48 రంధ్రంలోకి ఎక్కదు. అదే తిరగేస్తే, 3-48 స్క్రూ ఎం3 రంధ్రంలోంచి పట్టు లేకుండా జారిపోతుంది. అన్నిటికంటే మోసం చేసేది ఎం2.5. మందం సరిపోతుంది, రెండు చుట్లు హాయిగా తిరుగుతుంది, తర్వాత బిగుసుకుపోతుంది, ఎందుకంటే మర దూరం వేరు. అక్కడ బలం పెడితే పికప్ కాళ్ల మర చెరిగిపోతుంది. కొత్త పికప్‌తో పాటు వచ్చిన స్క్రూలు, స్ప్రింగులే వాడండి. అవి రాకపోతే విడిగా తెప్పించుకోండి, ఖర్చు పెద్దగా ఉండదు. ప్లాస్టిక్ రింగు రంధ్రం ఎం3కి సరిపడా ఉంటే సన్నటి 3-48 అందులోంచి దిగుతుంది, రింగు మార్చక్కర్లేదు.

లోహపు మూత ఉన్న పికప్ తీసుకుంటే ఇంకో జాగ్రత్త. మూత మందం వల్ల పికప్ పొడవు, వెడల్పులు కొంచెం పెరుగుతాయి. మూత లేని పికప్‌కి బిగువుగా చేసిన రింగులో అది దూరకపోవచ్చు. మీ రింగు లోపలి కొలత 71 మి.మీ. పొడవు, 39 మి.మీ. వెడల్పు ఉందో లేదో చూడండి. ఇంట్లో ఉన్న పెళ్లి కార్డు అట్టని 70కి 38 ముక్కగా కత్తిరించి రింగులో దింపితే ఎంత ఖాళీ మిగిలిందో కళ్లకి కనిపిస్తుంది.

ప్రశ్న: స్ట్రాట్‌కి మూడు సింగిల్ కాయిళ్ల సెట్టు కొన్నాను. పాత తెల్ల మూతలు దీనికి ఎక్కడం లేదు, చివరి రంధ్రాలు కలవడం లేదు. పోల్ పీసుల్ని కొంచెం నొక్కి సర్దవచ్చా? (గుంటూరు నుంచి)

జవాబు: నొక్కకండి. ఇది మా మొదటి మాట, చివరి మాట కూడా. పాత పద్ధతి స్ట్రాట్ పికప్‌లో రెండు ఫైబర్ పలకల మధ్య ఆరు అయస్కాంత కడ్డీలు నిలబెట్టి, వాటి చుట్టూ నేరుగా రాగి తీగ చుడతారు. కడ్డీ కదిలితే లోపలి చుట్టు తెగుతుంది. తెగిందంటే మీటరులో ఏమీ చూపించదు, మళ్లీ మొత్తం చుట్టించుకోవాల్సిందే.

పికప్ బాగానే ఉంది, మీ మూతలే వేరే దూరానివి. స్ట్రాట్ మూతలు 48, 50, 52 మి.మీ. రంధ్రాలతో దొరుకుతాయి. కొత్త సెట్లలో నెక్‌కి 48, నడిమిదానికి 50, బ్రిడ్జ్‌కి 52 అని ఇచ్చేవి ఉన్నాయి, మూడూ 52 ఇచ్చేవీ ఉన్నాయి. మొదటి కడ్డీ మధ్య నుంచి ఆరోదాని మధ్యకి కొలిచి, అదే అంకె మూతలు తెచ్చుకోండి. చెవుల దగ్గరి రెండు స్క్రూ రంధ్రాల మధ్య దూరం కూడా పిక్‌గార్డ్‌తో (పికప్పులు బిగించే పైపలకతో) సరిచూడండి. స్ట్రాట్ పికప్ స్క్రూ అమెరికన్ కొలతలో 6-32, సుమారు 3.5 మి.మీ. ఎం3 స్క్రూ ఆ రంధ్రంలో పట్టు దొరక్క జారుతుంది. స్ప్రింగు బదులు సిలికాన్ ట్యూబు ముక్క వాడుకోవచ్చు. చేపల తొట్టి సామాన్ల దుకాణంలో దొరికే గాలి గొట్టం 10, 12 మి.మీ. ముక్కలుగా కోస్తే చక్కగా పనికొస్తుంది.

కడ్డీల ఎత్తులు ఒకే వరుసలో లేకుండా మూడో తీగది పైకి పొడుచుకుని ఉంటే అది పాత కొలత. 7.25 అంగుళాల వంపున్న (వంపు వ్యాసార్థం అది) ఫింగర్‌బోర్డుకి, చుట్టు ఉన్న (పైన సన్న తీగ చుట్టిన) మూడో తీగకి అలా చేసేవారు. ఇప్పటి సెట్టుల్లో మూడో తీగ చుట్టు లేనిది కాబట్టి అది మిగతావాటికంటే గట్టిగా మోగుతుంది. 9.5, 12 అంగుళాల వంపున్న గిటార్‌కి ఒకే ఎత్తు కడ్డీలు మేలు.

ప్రశ్న: నాది నాలుగు తీగల జాజ్ బాస్ గిటార్. రెండు పికప్పులూ ఒకటే అనుకుని ఒకే మోడల్ రెండు తెప్పించాలా? (డాలస్ నుంచి)

జవాబు: ముందు రెండూ కొలవండి. ఫెండర్ కొలతల్లో జాజ్ బాస్ నెక్ పికప్ సుమారు 92 మి.మీ., బ్రిడ్జ్ పికప్ సుమారు 95 మి.మీ. పొట్టి గూట్లోకి పొడుగుది దిగదు. పొడుగు గూట్లో పొట్టిది పెడితే చివర ఖాళీ కనిపిస్తుంది. కొన్ని చవక బాసుల్లో రెండు గూళ్లూ ఒకే పొడవులో చెక్కుతారు. సెట్టుగా కొన్నాక తెలిసే కంటే ముందే తెలియడం మంచిది.

ప్రశ్న: కొత్త హంబకర్‌కి నాలుగు రంగుల వైర్లు, పైపూత లేని వైరు ఒకటి ఉన్నాయి. పాతదానికి ఒకే వైరు. నెట్‌లో దొరికిన బొమ్మ ప్రకారం కలిపితే శబ్దం రేకు డబ్బాలా సన్నగా ఉంది, హమ్ ఎక్కువైంది. పికప్ చెడిందా? (హైదరాబాద్ నుంచి)

జవాబు: చెడలేదు. బహుశా ఒక కంపెనీ బొమ్మ చూసి ఇంకో కంపెనీ పికప్ కలిపారు. రంగుల భాష ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటుంది.

సీమోర్ డంకన్‌లో నలుపు జాక్ (కేబుల్ గుచ్చే సాకెట్) వైపు వెళ్తుంది, ఎరుపూ తెలుపూ ఒకదానికొకటి కలిపి టేపు చుట్టాలి, ఆకుపచ్చా పైపూత లేనిదీ ఎర్త్‌కి. డిమార్జియోలో ఎరుపు జాక్ వైపు, నలుపూ తెలుపూ ఒకదానికొకటి, ఆకుపచ్చా పైపూత లేనిదీ ఎర్త్‌కి. డిమార్జియో పికప్‌ని డంకన్ బొమ్మ ప్రకారం కలిపితే ఒక కాయిల్ తిరగబడుతుంది. మామూలుగా రెండు కాయిళ్లలో తీగల శబ్దం కూడుకుంటుంది, గదిలోని కరెంటు హమ్ కొట్టుకుపోతుంది. ఒక కాయిల్ తిరగబడితే సరిగ్గా ఎదురవుతుంది. శబ్దం తీసివేతలో పడి సన్నబడుతుంది, హమ్ కూడికలో పడి పెరుగుతుంది. మీరు రాసిన లక్షణాలు అవే.

ఇంకో సంగతి కొనేటప్పుడే ఆలోచించాలి. హంబకర్ ఒక్కటే పలికినప్పుడు బాగుండి, పక్క పికప్‌తో కలిపినప్పుడు మాత్రమే సన్నబడితే, రెండు పికప్పులూ ఒకదానికొకటి ఎదురు ఫేజ్‌లో ఉన్నాయి, అంటే ఒకదాని సంకేతం పైకి పోతున్నప్పుడు రెండోదానిది కిందికి పోతోందన్నమాట. వేర్వేరు కంపెనీల పికప్పులు కలిపేటప్పుడు ఇది తరచు వస్తుంది. సోల్డర్ పెట్టకముందే తెలుసుకునే పద్ధతి ఉంది.

మల్టీమీటరుని 20 కిలో ఓమ్‌ల దగ్గర పెట్టండి. పికప్ జాక్ వైపు వెళ్లే వైరుకి ఎర్ర ప్రోబ్, ఎర్త్ వైరుకి నల్ల ప్రోబ్ మొసలి క్లిప్పులతో పట్టించండి. చేత్తో పట్టుకోకండి, ఒంటి నిరోధం కూడా లెక్కలో కలుస్తుంది. అంకె నిలకడగా ఉండాలి. స్ట్రాట్ పికప్పైతే 5.5 నుంచి 6.5, పాత పద్ధతి హంబకర్ అయితే 7 నుంచి 8.5, ఎక్కువ బలం ఉన్నవైతే 13 పైన కూడా ఉండవచ్చు. ఇప్పుడు స్క్రూడ్రైవర్ ఇనప మొనని పోల్ పీసుల మీద టక్కున ఆనించండి. ఆనిన క్షణం అంకె పైకి ఎగురుతుంది లేదా కిందికి పడుతుంది. లాగినప్పుడు దానికి ఎదురుగా జరుగుతుంది. రెండో పికప్‌కీ అదే చేయండి. ఆనించినప్పుడు రెండూ ఒకే వైపు కదిలితే అవి ఒకే ఫేజ్‌లో ఉన్నాయి. తనంతట తాను రేంజి మార్చుకునే డిజిటల్ మీటర్లు ఈ చిన్న కదలికని మింగేస్తాయి. ముల్లు తిరిగే పాత మీటరు దొరికితే ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది.

ఎదురుగా ఉంటే నాలుగు వైర్ల హంబకర్‌లో ఎర్త్ వైరు, జాక్ వైపు వైరు తారుమారు చేస్తే సరి. పైపూత లేని వైరు మాత్రం ఎప్పుడూ ఎర్త్‌కే. లోహపు అల్లిక ఉన్న ఒకే వైరు రకంలో అలా మార్చడం కుదరదు, అల్లికే ఎర్త్ కాబట్టి. మార్చితే మూత, ప్లేటు అన్నీ కరెంటు దారిలోకి వచ్చి, చేయి తగిలినప్పుడల్లా గుర్రుమంటుంది. ఫెండర్ టెలికాస్టర్ గిటార్ నెక్ పికప్ లోహపు మూతకి కూడా ఇదే చిక్కు. వైర్లు తారుమారు చేసే ముందు మూతని ఎర్త్ వైరుకి కలిపే చిన్న తీగ తెంపి, మూతకి విడిగా ఎర్త్ వైరు వేయాలి.

వైరు పొడవు కూడా కొలవండి. నెక్ పికప్ నుంచి పాట్ (వాల్యూమ్, టోన్ గుండీల కింది పొటెన్షియోమీటరు) దాకా లోపలి దారి అంతా దారంతో కొలిచి, 5 సెం.మీ. కలుపుకోండి. పాట్ల విలువ చూడటం మరిచిపోవద్దు. సింగిల్ కాయిళ్లకి 250 కిలో ఓమ్‌లు, హంబకర్లకి 500 అన్నది ఆనవాయితీ. హంబకర్‌ని 250 పాట్‌తో వాడితే పనిచేస్తుంది కానీ పై శ్రుతుల మెరుపు తగ్గి శబ్దం దుప్పటి కప్పినట్టు ఉంటుంది. కొత్త పికప్ నచ్చలేదని అమ్మేసేవాళ్లలో కొందరు మార్చాల్సింది పాట్ మాత్రమే.

ప్రశ్న: బ్రిడ్జ్‌కి ఒక్కటే ఇఎంజి కంపెనీ యాక్టివ్ హంబకర్ పెట్టి, నెక్‌కి పాతదే ఉంచుదామనుకుంటున్నా. గూట్లో పడుతుంది కదా? (విశాఖపట్నం నుంచి)

జవాబు: గూట్లో పడటం వరకు ఇబ్బంది ఉండకపోవచ్చు. తర్వాతే సమస్యలు. యాక్టివ్ అంటే లోపలే చిన్న యాంప్ ఉన్నది, కాబట్టి ఆ పికప్‌కి 9 వోల్టుల బ్యాటరీ కావాలి, అది 48 మి.మీ. పొడవు, 26 వెడల్పు, 17 మందం. కంట్రోల్ గూట్లో పాట్లు, స్విచ్ పోగా అంత చోటు మిగులుతుందో లేదో మూత తీసి నిజం బ్యాటరీనే పెట్టి చూడండి. జాక్‌ని స్టీరియో రకానికి మార్చాలి, కేబుల్ గుచ్చినప్పుడే బ్యాటరీ పనిచేసేలా. కేబుల్ గుచ్చి వదిలేస్తే బ్యాటరీ అయిపోతూనే ఉంటుంది.

యాక్టివ్ పికప్‌కి 25 కిలో ఓమ్‌ల పాట్ కావాలి, మీ నెక్ పికప్‌కి 500. 25 పాట్ మీద మామూలు పికప్ గొంతు నొక్కేసినట్టు పలుకుతుంది. 500 పాట్ మీద యాక్టివ్ పికప్ పలుకుతుంది కానీ వాల్యూమ్ గుండీ మెల్లగా తగ్గకుండా ఒక్కసారిగా ఆన్, ఆఫ్ అయినట్టుంటుంది. రెండూ ఒక గిటార్‌లో కావాలంటే విడివిడి వాల్యూములు, మధ్యలో చిన్న ప్రీయాంప్ పెట్టాలి. మా సలహా, మార్చితే రెండూ మార్చండి, లేకపోతే బలమైన మామూలు హంబకర్ తీసుకోండి.

ప్రశ్న: అయిదు తీగల ఎలక్ట్రిక్ మాండలిన్‌కి గిటార్ పికప్ పెట్టవచ్చా? పాత పికప్‌లో కాయిల్ తెగిపోయింది. (పాలకొల్లు నుంచి)

జవాబు: మాండలిన్ యు. శ్రీనివాస్ పుట్టిన ఊరి నుంచి ఈ ప్రశ్న రావడం మాకు ఎంతో సంతోషం. నాలుగు జంట తీగల మాండలిన్‌ని పక్కన పెట్టి ఆయన అయిదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ మీద కర్ణాటక సంగీతం వాయించారు. ఆ వాయిద్యానికి పికప్ దొరకడం ఇప్పటికీ కష్టమే, కొలిస్తే మాత్రం దారి కనిపిస్తుంది.

పికప్ ఉండే చోట మొదటి తీగ నుంచి అయిదో తీగ దాకా టేపు పద్ధతిలో కొలవండి. ఆరు పోల్ పీసుల గిటార్ పికప్‌లో ఎడాలు అయిదు. మీకు కావలసినవి నాలుగు. 48 రకంలో ఒక్కో ఎడం 9.6 మి.మీ., నాలుగు కలిపి 38.4. 50 రకంలో 40. 52 రకంలో 41.6. మీ కొలత వీటిలో దేనికైనా 1 మి.మీ. దగ్గరగా వస్తే ఆ స్ట్రాట్ పికప్‌ని సగం ఎడం మేర, అంటే 5 మి.మీ. పక్కకి జరిపి బిగిస్తే అయిదు పోల్ పీసులు అయిదు తీగల కిందికి వస్తాయి, ఆరోది ఖాళీగా ఉంటుంది. జరపడానికి శరీరంలో చోటుందో చూసుకోండి.

కొలత 36 మి.మీ. లాగా ఇరుకుగా ఉంటే పోల్ పీసులతో కుస్తీ పట్టొద్దు. పోల్ పీసుల బదులు పొడుగాటి ఇనప పట్టీ ఉండే రెయిల్ పికప్ తీసుకోండి. పట్టీ మీద తీగ ఎక్కడున్నా ఒకటే, గమకంలో తీగని పక్కకి లాగినా శబ్దం తగ్గదు. మీ వాయిద్యానికి ఇదే మేలని మా నమ్మకం. సింగిల్ కాయిల్ సైజులో రెండు పట్టీలున్నవి తీసుకుంటే హమ్ కూడా ఉండదు. అది సుమారు 70 మి.మీ. పొడవు ఉంటుంది, మాండలిన్ చిన్నది కాబట్టి పెళ్లి కార్డు ముక్క కత్తిరించి ముందుగా వాయిద్యం మీద పెట్టి చూడండి. తీగలు స్టీలు మీద నికెల్ చుట్టినవై ఉండాలి. కంచు చుట్టిన తీగల్ని ఈ పికప్ సరిగా పట్టుకోదు, లావు తీగలు సన్నవాటి కంటే నీరసంగా వినిపిస్తాయి. పాత పికప్ పారేయకండి. కాయిల్ తెగిన చోటు ఒక్కోసారి బయటి వైరు అతికే దగ్గరే ఉంటుంది, భూతద్దం కింద చూస్తే సన్నటి రాగి కొస కనిపిస్తుంది. దాన్ని సోల్డర్ చేస్తే పికప్ మళ్లీ పలుకుతుంది.